చెరపలేని వాన లెక్కల పుస్తకం

బుక్కపట్నం చెరువును మీరు చూశారా? పుట్టపర్తి వైపు వెళ్ళినవారు చూసే ఉంటారు. చిత్రావతి నీళ్ళు వచ్చి చేరిన ఏడాది అది కంటికి ఆనినంత మేర నీలంగా పరచుకొని ఉంటుంది. వానలు మొహం చాటేసిన ఏడాది అదే చెరువులో నెర్రెలు విచ్చిన మట్టి కనిపిస్తుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది పొడుగునా కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందుకే ఇక్కడివారికి వాన లెక్క అంటే అంత పట్టింపు. ఏ మండలం కరువు మండలమో తేల్చేటప్పుడు చూసే వాటిలో వాన లెక్క ఒకటి. వాన లెక్కనే ఆధారం చేసుకొన్న పంట బీమాలు కూడా ఉన్నాయి. అంటే పుస్తకంలో 14 అని ఉండవలసిన చోట 4 అనో, 4 అని ఉండవలసిన చోట 14 అనో పడితే, వేరుశనగ వేసిన రైతు ఇంటి లెక్కే తారుమారు కావచ్చునన్నమాట!

ఒక సంగతి ఊహించుకోండి. మీ బడి ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. భారత వాతావరణ శాఖవారి పద్ధతిలో మీరు రోజూ ఉదయం 8-30 గంటలకు వెళ్ళి, అందులో చేరిన నీటిని కొలిచి, నోటు పుస్తకంలో రాస్తున్నారు. కొన్నాళ్ళకు మూడు చిక్కులు వస్తాయి.

మొదటిది: ఒకనాడు పొరపాటు రాశారు. దిద్దాలి. దిద్దితే పాత అంకె ఏమిటో తెలియకుండా పోతుంది. రెండోది: మీ స్నేహితులు ఆ పుస్తకాన్ని చూసి రాసుకొన్నారు. ఇప్పుడు నాలుగు ప్రతులు ఉన్నాయి. నాలుగింటిలో నాలుగు రకాల అంకెలు! వీటిలో ఏది అసలు? మూడోది: ఎవరో ఒకరు రబ్బరు పెట్టి ఒక అంకె చెరిపి, వేరే అంకె వేశారు. అది ఎలా పట్టుకోవడం?

ఈ మూడు చిక్కులనూ ఒకేసారి విప్పే ఉపాయం ఒకటి ఉంది. ప్రపంచమంతటా కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారు రోజూ దాన్ని వాడుతున్నారు. దాని పేరు గిట్. అది తన కడుపులో లెక్కలను ఎలా దాచుకొంటుందో ఇప్పుడు చూద్దాం. భయపడకండి. కూడికలు, గుణకారాలు, భాగహారం వస్తే చాలు!

రాయి, తాటాకు

అంతకంటె ముందు, మన పెద్దలు ఏం చేశారో ఒకసారి చూడాలి.

బుక్కపట్నం పేరులో విజయనగర ప్రభువు బుక్కరాయలు ఉన్నాడు కదా! ఆయన కొడుకు భాస్కరుడు కడప జిల్లా పోరుమామిళ్ళలో ఒక పెద్ద చెరువు కట్టించాడు. ఆ సంగతి 1369లో రాతిమీద చెక్కించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్ళు పనిచేశారనీ, రాళ్ళు తోలడానికి వంద బండ్లు వాడారనీ ఆ శాసనంలో ఉంది. ఆరువందల యాభై ఏళ్ళు దాటినా ఆ మాట మారలేదు. రాతికి ఉన్న గొప్పతనం అది. దాన్ని మార్చాలంటే ఉలి కావాలి. మార్చితే మచ్చ కనిపిస్తుంది. కాని రాయికి ఒక లోటు ఉంది. దానిని పదిమందీ ఇంటికి తీసుకుపోలేరు. రోజూ కొత్త వరుస చేర్చనూ లేరు.

తాటాకు దీనికి పూర్తిగా ఎదురు. ఎవరైనా ప్రతి రాసుకోవచ్చు. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉన్నదని చెప్పే వేమన కవి పద్యాలు అలాగే చేతినుంచి చేతికి, ఊరినుంచి ఊరికి పోయాయి. ఒక లేఖకుడు ఒక మాట మార్చాడు. ఇంకొకడు ఒక పద్యం వదిలేశాడు. మరొకడు తనకు తోచింది చేర్చాడు. 1824 ప్రాంతంలో సి.పి. బ్రౌన్ అనే ఆంగ్లేయ ఉద్యోగి వేమన పద్యాలను సేకరించడం మొదలుపెట్టినప్పుడు ఈ తేడాలతోనే సతమతమయ్యాడు. ఊరూరినుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితులకు జీతాలిచ్చి, ప్రతి పద్యాన్నీ ప్రతికి ప్రతి పోల్చి చూసి, 1829లో అచ్చువేయించాడు.

పండితులకు అంత శ్రమ ఎందుకైంది? ప్రతులు వేరువేరుగా ఉన్నందువల్ల మాత్రమే కాదు. ఏ ప్రతి ఏ ప్రతిని చూసి రాసిందో ఆ ప్రతిమీద లేనందువల్ల! ప్రతి తాటాకు కట్టమీదా “నేను ఫలానా కట్టను చూసి రాసినదాన్ని, అందులో ఈ మాట మార్చాను” అని ఉండి ఉంటే బ్రౌనుగారి పని ఎంత తేలికయ్యేదో!

మనకు కావలసింది ఇప్పుడు తెలిసింది కదా? తాటాకులాగా అందరూ ప్రతి తీసుకోవాలి. రాయిలాగా ఎవరూ దొంగతనంగా మార్చకూడదు. ప్రతి ప్రతికీ తన తల్లి ఎవరో గుర్తుండాలి.

ఏప్రిల్ నెలలో నాలుగు రోజులు

కంప్యూటరు ప్రోగ్రాము అంటే వేల కొద్దీ వరుసల రాత. దాన్ని రోజూ దిద్దుతూ ఉంటారు. ఈ దిద్దుబాట్లను దాచే మొదటి ప్రోగ్రాములలో ఒకదాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ 1972లో తయారుచేశాడు. తరవాత 1980 దశకంలో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ టిషీ మరొకటి చేశాడు. ఇందులో సరికొత్త ప్రతి పూర్తిగా ఉంటుంది. పాతవాటికి “ఇందులోనుంచి ఈ వరుస తీసెయ్యి, ఆ వరుస చేర్చు” అనే తేడాలు మాత్రమే ఉంటాయి.

ఫిన్లండు దేశంలో పుట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ అనే ప్రోగ్రామును మొదలుపెట్టాడు. ఎన్నో దేశాలవారు, ఒకరినొకరు చూడనైనా చూడనివారు, దానికి వరుసలు రాసి పంపేవారు. ఈ దిద్దుబాట్లను చూసుకోవడానికి వారు 2002నుంచి వేరొకరి సాఫ్టువేరును ఉచితంగా వాడుకొంటూ వచ్చారు. 2005లో ఆ ఉచిత వాడకం ఆగిపోయింది. ఏం చేయాలి? టోర్వాల్డ్స్ తానే ఒకటి రాయడానికి పూనుకొన్నాడు. 2005 ఏప్రిల్ 3న మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7 నాటికి గిట్ తన సొంత దిద్దుబాట్లను తానే దాచుకోవడం మొదలుపెట్టింది! ఆ ఏడాది జూలైలో దాని బాధ్యతను జునియో హమానోకు అప్పగించాడు.

నాలుగు రోజుల్లో అంత పని ఎలా జరిగింది? లోపలి ఆలోచన చాలా చిన్నది కావడమే ఒక కారణం. ఆ ఆలోచన ఇదీ.

పేరు ఎవరు పెట్టాలి?

మామూలుగా ఫైలుకు మనమే పేరు పెడతాం. “వాన లెక్క”, “వాన లెక్క కొత్తది”, “వాన లెక్క చివరిది”, “వాన లెక్క నిజంగా చివరిది”. ఈ తంతు మీకూ తెలిసిందే! ఈ పేర్లను నమ్మలేం. లోపలి విషయం మారినా పైపేరు మారదు.

గిట్ అలా చేయదు. అది ఫైలు లోపల ఉన్న విషయాన్నే చదివి, దాని మీదనుంచి లెక్క కట్టి ఒక ముద్ర తయారుచేస్తుంది. ఆ ముద్రే దాని పేరు. మనిషికి వేలిముద్ర ఎలాగో, విషయానికి ఈ ముద్ర అలాగ. ఒక్క అక్షరం మారితే ముద్ర మారిపోతుంది. విషయం ఒకటే అయితే, ఎవరు ఎక్కడ లెక్క కట్టినా ముద్ర ఒకటే వస్తుంది.

ఈ లెక్కకు షా-1 అని పేరు. దీనివల్ల వచ్చే ముద్రలో 40 గుర్తులు ఉంటాయి. ఒక్కొక్కటి 0నుంచి 9వరకు గల అంకె కాని, ఇంగ్లీషు అక్షరమాలలోని మొదటి ఆరింటిలో ఒకటి కాని అయి ఉంటుంది. అంటే ఒక్కో స్థానంలో 16 రకాలు. మొత్తం ఎన్ని ముద్రలు సాధ్యమో తెలుసా? 1 వేసి దాని పక్కన 48 సున్నాలు పెట్టినదానికంటె ఎక్కువ!

ఒక వింత చెబుతాను. ఏమీ రాయని ఖాళీ ఫైలును గిట్‌కు ఇస్తే వచ్చే ముద్ర ఇలా మొదలవుతుంది: ఇ, 6, 9, డి, ఇ, 2, 9. బుక్కపట్నంలో ఇచ్చినా ఇదే, హిందూపురంలో ఇచ్చినా ఇదే, టోర్వాల్డ్స్ పుట్టిన హెల్సింకీలో ఇచ్చినా ఇదే. కంప్యూటరు అందుబాటులో ఉన్నవారు స్వయంగా చేసి చూడవచ్చు.

మనమే ఒక ముద్ర చేద్దాం

షా-1 లెక్కను చేత్తో చేయడం చాలా శ్రమ. దానికి బదులు ఒక బొమ్మ లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మన వాన పుస్తకంలో పుటకు మూడు అంకెలు. వాన పడిన మూడు రోజులవి. నియమం ఇది: పుట పైన మొదటి గడిలో ముందరి పుట ముద్రను వేయాలి. తరవాతి మూడు గడుల్లో వాన మిల్లీమీటర్లు వేయాలి. మొదటి గడి అంకెను 1తో, రెండోదాన్ని 2తో, మూడోదాన్ని 3తో, నాలుగోదాన్ని 4తో గుణించి, అన్నీ కూడి, 97తో భాగించండి. వచ్చిన శేషమే ఈ పుట ముద్ర.

మొదటి పుట: దీనికి ముందు పుట లేదు కనుక మొదటి గడిలో 0. వాన 12, 14, 11. లెక్క: 0 + 24 + 42 + 44 = 110. 97తో భాగిస్తే శేషం 13. మొదటి పుట ముద్ర 13.

రెండో పుట: మొదటి గడిలో 13. వాన 10, 9, 12. లెక్క: 13 + 20 + 27 + 48 = 108. ముద్ర 11.

మూడో పుట: మొదటి గడిలో 11. వాన 15, 8, 10. లెక్క: 11 + 30 + 24 + 40 = 105. ముద్ర 8.

ఈ 8ని మీ తరగతి గోడమీద రాసి ఉంచారనుకొందాం.

ఇప్పుడు ఒక అల్లరివాడు మొదటి పుటలోని 14ను చెరిపి 15 చేశాడు. ఒక్క మిల్లీమీటరే కదా అనుకొన్నాడు! మొదటి పుట లెక్క 24 + 45 + 44 = 113 అయింది; ముద్ర 16. అతడు తెలివైనవాడే. పుట చివరి 13ను కూడా చెరిపి 16 వేశాడు. కాని రెండో పుట మొదటి గడిలో 13 ఉందే! దాన్నీ 16 చేశాడు. అప్పుడు రెండో పుట ముద్ర 14 అయింది. మూడో పుట మొదటి గడిలో 14 వేయక తప్పలేదు. దాని ముద్ర 11 అయింది. గోడమీద చూస్తే 8 ఉంది. దొంగ దొరికిపోయాడు!

చూశారా? మీరు కాపలా కాయవలసింది పుస్తకమంతటికీ కాదు. చివరి ముద్ర ఒక్కదానికే. ఆ ఒక్క అంకె వెనకనున్న పుటలన్నింటినీ పట్టుకొని ఉంది. గిట్‌కు ప్రాణం ఇక్కడే ఉంది.

గాదెలో మూడు రకాల మూటలు

ఇక అసలు గిట్ లోపలికి వెళదాం. మీరు “వాన లెక్కలు” అనే ఫోల్డరులో మూడు ఫైళ్ళు పెట్టుకొన్నారనుకోండి: వాన, చెరువు, బావులు. గిట్ వాడడం మొదలుపెట్టగానే ఆ ఫోల్డరు లోపలే కంటికి కనబడని మరో ఫోల్డరు తయారవుతుంది. అదే గిట్ గాదె. ధాన్యపు గాదెలో మూటలు పేర్చినట్లు అందులో మూటలు ఉంటాయి. ముఖ్యమైనవి మూడు రకాలు.

మొదటి రకం బ్లాబ్. ఇందులో ఫైలు లోపలి విషయం మాత్రమే ఉంటుంది. ఫైలు పేరు కూడా ఉండదు! గిట్ ఆ విషయానికి ముందు దాని రకాన్నీ, పొడవునూ చేర్చి, ముద్ర లెక్క కట్టి, కుదించి, ఆ ముద్రే పేరుగా దాస్తుంది. ముద్రలోని మొదటి రెండు గుర్తులు ఒక అర పేరవుతాయి. మిగిలిన 38 గుర్తులు ఆ అరలోని మూట పేరవుతాయి.

రెండో రకం ట్రీ. ట్రీ అంటే చెట్టు అని కదా! ఇది ఫోల్డరు పట్టిక. “వాన అనే పేరుగల ఫైలు ముద్ర ఇది, చెరువు అనేదాని ముద్ర ఇది, బావులు అనేదాని ముద్ర ఇది” అని ఉంటుంది. ఫోల్డరులో ఇంకో ఫోల్డరు ఉంటే, దాని ట్రీ ముద్ర ఇందులో ఉంటుంది. ఒక కొమ్మనుంచి మరో కొమ్మ వచ్చినట్లే.

మూడో రకం కమిట్. ఇది మన పుటలాంటిది. ఇందులో ఏమేమి ఉంటాయి? ఆ క్షణాన ఫోల్డరు మొత్తాన్ని చూపే ట్రీ ముద్ర ఒకటి. దీనికి తల్లి అయిన ముందరి కమిట్ ముద్ర ఒకటి. రాసినవారి పేరు, తేదీ, వేళ. చివరగా “14వ తేదీ లెక్క సరిదిద్దాను; కొలపాత్రలో ఆకు పడింది” అన్నట్లు ఒక చిన్న వివరణ. వేమన ప్రతులలో లేక బ్రౌనుగారిని బాధపెట్టింది ఈ తల్లి ముద్రే!

ఇప్పుడు మీరు ఏదైనా పొరపాటు దిద్దితే ఏమవుతుంది? పాత బ్లాబు చెరిగిపోదు. కొత్త బ్లాబు పుడుతుంది. దాన్ని చూపే కొత్త ట్రీ, ఆ ట్రీని చూపే కొత్త కమిట్ పుడతాయి. పాతది పాతగానే ఉంటుంది. పూర్వం దస్తావేజులలో తప్పు పడితే తుడిచివేయకుండా అడ్డగీత కొట్టి, పైన సరైనది వేసి, పక్కన సంతకం చేసేవారు. అదే మర్యాద ఇక్కడా! తప్పు దిద్దుకోవచ్చు, దిద్దిన సంగతి మాత్రం దాచకూడదు.

చోటు చాలుతుందా?

“ప్రతిసారీ ఫోల్డరు మొత్తం దాస్తే గాదె నిండిపోదా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే.

నెలలో 30 రోజులూ వాన ఫైలు మారింది. చెరువు, బావులు ఫైళ్ళు మారలేదు అనుకొందాం. రోజూ మూడు ఫైళ్ళనూ వేరే చోట దాస్తే నెలకు 90 ప్రతులు అవుతాయి. గిట్‌లో? వాన ఫైలుకు 30 బ్లాబులు. చెరువు ఫైలుకు ఒకటే! విషయం మారలేదు కనుక ముద్ర మారలేదు. ముద్ర మారలేదు కనుక కొత్త మూట అక్కరలేదు. బావులకూ ఒకటే. మొత్తం 32. వీటికి తోడు 30 ట్రీలు, 30 కమిట్లు ఉంటాయి కాని, ఇంత చిన్న ఫోల్డరు విషయంలో అవి చిన్న చిన్న చీటీలు.

అయినా వాన ఫైలు 30 ప్రతులూ దాదాపు ఒకేలా ఉంటాయి కదా. రోజుకు ఒక్క వరుసే కొత్తది. దీనికీ గిట్ దగ్గర ఉపాయం ఉంది. మూటలు బాగా పెరిగినప్పుడు వాటన్నింటినీ కలిపి ఒక పెద్ద కట్టగా కడుతుంది. అలా కట్టేటప్పుడు ఒకదానినొకటి పోలినవాటిని వెతికి, ఒకదాన్ని పూర్తిగా ఉంచి, మిగతావాటికి “దానిలో ఇక్కడినుంచి ఇంతవరకు తీసుకో, తరవాత ఈ ముక్క చేర్చు” అనే సూచనలు మాత్రం రాసుకొంటుంది. టిషీగారి తేడాల పద్ధతి వెనక ద్వారంనుంచి మళ్ళీ వచ్చిందన్నమాట! అయితే సూచనమీద సూచన, దానిమీద మరో సూచన అని గొలుసు పొడుగైతే విప్పడానికి ఆలస్యమవుతుంది. అందుకని మామూలుగా 50 అంచెలకు మించనివ్వదు. ముద్రలు మాత్రం మారవు. కట్ట విప్పి చూస్తే ఏ బ్లాబు ఆ బ్లాబే.

రెండు దారులు, ఒక కూడలి

సెలవులకు మీ చెల్లెలు హిందూపురంలో మామయ్యగారి ఇంటికి వెళ్ళింది. వెళుతూ గాదె మొత్తానికి ఒక ప్రతి తీసుకువెళ్ళింది. గిట్‌లో ప్రతి అంటే చివరి పుట ఒక్కటే కాదు; మామూలుగా మొదటినుంచి చరిత్ర అంతా వస్తుంది. అక్కడ ఆమె బావుల లెక్క సరిచేసింది. ఇక్కడ మీరు వాన లెక్క పెంచారు. చరిత్ర రెండు దారులుగా చీలింది. ఇలాంటి దారిని బ్రాంచి అంటారు.

బ్రాంచి అంటే ఎంతో పెద్ద ఏర్పాటు అనుకొనేరు! అది ఒక చిన్న చీటీ. అందులో ఆ దారిలోని చివరి కమిట్ ముద్ర, 40 గుర్తులు, ఉంటాయి. వరుస ముగిసిందని చెప్పే గుర్తు ఒకటి కలిపితే 41. అంతే! మన తరగతి గోడమీద రాసిన 8 లాంటిదే అది.

చెల్లెలు తిరిగి వచ్చాక రెండు దారులూ కలపాలి. గిట్ రెండు చివరి కమిట్లనుంచి వెనక్కు నడిచి, దారి చీలిన చోటును, అంటే ఇద్దరికీ ఉమ్మడి తల్లిని వెతుకుతుంది. దానితో పోల్చి, “అన్న వాన ఫైలు మార్చాడు, చెల్లెలు బావుల ఫైలు మార్చింది, ఇద్దరివీ తీసుకొంటాను” అని కలుపుతుంది. అలా పుట్టిన కమిట్‌కు ఇద్దరు తల్లులు!

మరి ఇద్దరూ ఒకే వరుసను మార్చితే? మీరు 14 అన్నారు, చెల్లెలు 16 అన్నది. అప్పుడు గిట్ తీర్పు చెప్పదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, మీరే తేల్చుకోండి అని ఆగిపోతుంది. మీరిద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి. యంత్రానికి తెలియని సంగతిని తెలియదని ఒప్పుకొనే యంత్రం మంచి యంత్రమే కదా!

గిట్ చేయలేని పనులు

ఇంత పొగిడాక లోట్లు కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

మన బొమ్మ లెక్కకు తిరిగి రండి. మొదటి పుటలో 12, 14, 11కు బదులు 15, 12, 11 వేసి చూడండి. 30 + 36 + 44 = 110. ముద్ర మళ్ళీ 13! విషయం వేరు, ముద్ర ఒకటే. అల్లరివాడికి ఈ సంగతి తెలిస్తే దొరకకుండా తప్పించుకొనేవాడు. 97 ముద్రలే ఉంటే ఇలాంటి జంటలు వెతకడం తేలిక. షా-1లో వెతకడం చాలా కష్టం. కాని అసాధ్యం కాదు. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డాం పరిశోధకులు, గూగుల్ సంస్థవారు కలిసి, షా-1 ముద్ర ఒకటే వచ్చే రెండు వేరువేరు ఫైళ్ళను తయారుచేసి చూపించారు. తరవాత గిట్‌లో అలాంటి మోసపు ఫైళ్ళను గుర్తుపట్టే ఏర్పాటు చేశారు. మరింత గట్టిదైన షా-256 అనే లెక్కను వాడుకొనే వీలు 2020లో వచ్చింది. అందులో ముద్రకు 64 గుర్తులు.

రెండో లోటు: గాదెకు ఒకటే ప్రతి ఉండి, చివరి ముద్ర ఎక్కడా రాసి ఉంచకపోతే, ఆ గాదె యజమాని మొదటినుంచి అన్నీ తిరగరాసినా మనకు తెలియదు. గోడమీద 8 లేకపోతే దొంగ దొరికేవాడా? కనుక ప్రతులు పదిచోట్ల, పదిమంది చేతుల్లో ఉండాలి. గట్టిదనం లెక్కలో కొంత, మనుషుల్లో కొంత ఉంది.

మూడో లోటు అన్నింటికంటె పెద్దది. మీరు వర్షమాపకం దగ్గరకు వెళ్ళకుండానే, మంచంమీద పడుకొని 14 అని రాస్తే, గిట్ ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా దాస్తుంది! రాసినది మారలేదని మాత్రమే అది చెప్పగలదు. రాసినది నిజమని చెప్పలేదు. ఆ పని ఉదయం 8-30 గంటలకు గొడుగు వేసుకొని బయలుదేరే మీదే.

మీరు చేసి చూడండి

ఈ నెల మీ తరగతిలో ఇద్దరిద్దరుగా జట్లు కట్టండి. ఒక్కొక్క జట్టు మన బొమ్మ నియమంతో పది పుటల వాన పుస్తకం రాయాలి. చివరి ముద్రను నల్లబల్లమీద వేయాలి. తరవాత పుస్తకాలు మార్చుకొని, ఎదుటి జట్టువారు ఏదో ఒక అంకెను రహస్యంగా మార్చి, ఆ పుటనుంచి ముద్రలన్నీ తిరగవేయాలి. మొదటి జట్టు లెక్క కట్టి మోసాన్ని పట్టుకోవాలి. మోసం దొరక్కుండా మార్చే దారి, పైన 15, 12, 11 చూపినట్లు, ఎవరికి దొరుకుతుందో చూడండి. దొరికితే 97కు బదులు 997 పెట్టి మళ్ళీ ఆడండి. ఇలాంటి కూడిక లెక్కలో అంకె పెంచినంత మాత్రాన మోసం కష్టం కాదని మీ చేతులకే తెలుస్తుంది.

ఈసారి బుక్కపట్నం చెరువు కట్టమీద నిలబడినప్పుడు ఒక్కసారి ఆలోచించండి. ఆ నీళ్ళలో ప్రతి మిల్లీమీటరూ ఏదో ఒకనాడు ఎక్కడో కురిసినదే. ఆ నాటి లెక్కను ఎవరో ఒకరు నిజంగా కొలిచి, నిజంగా రాసి, ఎవరూ చెరపకుండా కాపాడితేనే, రేపు కరువు వచ్చినప్పుడు రైతు ఆ పుట తెరిచి, “ఇదిగో, ఈ ఏడు ఇంతే కురిసింది” అని ధైర్యంగా చూపించగలడు.